ఆగి చూస్తాము

కొత్త బ్యాండేజీ గుడ్డ కట్ట విప్పితే ఒక వాసన వస్తుంది. చలువ చేసిన నూలు, కాస్త గంజి, బ్లీచింగ్ పొడి. తమిళనాడులో మా ఊరు సత్రపట్టిలో, ఆ గుడ్డ నేసే మగ్గాల చప్పుడులో పెరిగిన నాకు అది పని ముగించుకుని వచ్చిన అమ్మ చీర కొంగు వాసన. మొన్న ఆదివారం రాజపాళయంలో, నాకు పని నేర్పిన మేడం ఇంట్లో, ఆవిడ గొంతుకు పెట్టిన గొట్టం చుట్టూ తడిసిన గుడ్డ మార్చడానికి కొత్త కట్ట విప్పాను. అదే వాసన. మేడం కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను మాత్రం చూడటం లేదు. అలవాటైన పని కాబట్టి చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఏడుపు మాత్రం ఆగలేదు.

డాక్టర్ ఆర్. కృష్ణవేణి మదురైలో ఒక పెద్ద ఆసుపత్రిలో, మెదడు దెబ్బతిని స్పృహ లేకుండా వచ్చేవాళ్ళ కోసమే నడిచే ఐసీయూకు పెద్ద. ఎండీ అయ్యాక ఆ వైద్యంలో ఫెలోషిప్ చేయడానికి ఆవిడ దగ్గర చేరాను. ఇంకా చదువేనా, జుట్టు నెరిసినాక డాక్టరు అవుతావా అని అమ్మ దెప్పేది. మొదటి రోజు మేడం ఊరు అడిగారు. సత్రపట్టి అనగానే ట్రేలోంచి ఒక బ్యాండేజీ చుట్ట తీసి నా చేతిలో పెట్టి, "ఇది మీ అమ్మ నేసిందో ఏమో, చూసి వాడు. సగం కోసి పారేయవద్దు" అన్నారు. ఆవిడది రాజపాళయంలో మిల్లులున్న కుటుంబం. మా తాత అలాంటి ఇళ్ళ వాకిట్లో నిలబడి మాట్లాడిన మనిషి. రౌండ్స్‌లో ఇంగ్లీషు, రోగుల బంధువులతో తమిళం మాట్లాడే మేడం నన్ను తిట్టడానికి మాత్రం మా ఇళ్ళలో మాట్లాడుకునే తెలుగులోకి దిగేవారు. ఆ తిట్లు వింటుంటే ఇంట్లో ఉన్నట్టే ఉండేది.

ఆవిడ దగ్గర ఒక పద్ధతి ఉండేది. రోగి కంట్లో టార్చి వేయకముందే, గోరు నొక్కి నొప్పి తెలుస్తోందో లేదో చూడకముందే, మనిషిని పేరు పెట్టి పిలవాలి. కేస్ షీటులో ఉన్న పేరుతో కాదు, ఇంట్లో పిలిచే పేరుతో. అది బంధువులను అడిగి తెలుసుకుని రావాలి. పిలిచాక ఆగాలి. దెబ్బ తిన్న మెదడు మాట విని, అర్థం చేసుకుని, కదలడానికి సమయం తీసుకుంటుందనేవారు. మేడం పిలిచి ఆగితే వెనక నిలబడ్డ మాకు కాళ్ళు పీకేవి. మిగతా వార్డుల వాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవారు కూడా.

నేను చేరిన కొత్తలోనే సేత్తూరు నుంచి ఒక రైతును తెచ్చారు. బైకు మీంచి పడి తలకు దెబ్బ. అంతకుముందు చూసిన చోట చేతులెత్తేశారు. మా వైపు చాలామందికి ప్రాణం ఇంట్లోనే పోవాలని ఉంటుంది. గొంతులో వేసిన గొట్టంలోకి చేత్తో గాలి కొడుతూ ఆంబులెన్సులో ఊరికి తీసుకుపోయి, అక్కడ గొట్టం తీసేస్తారు. అతని భార్య అప్పటికే బండి మాట్లాడమని తమ్ముణ్ణి పంపింది. మేడం వరండాలోకి వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. అతను ఏం పంట వేస్తాడో, పిల్లలేం చదువుతున్నారో అడిగారు. చివరకు, "ఇంటికి ఎప్పుడైనా తీసుకొని పోవచ్చునమ్మా. పోయినాక మళ్ళీ తెచ్చేదానికి అయ్యేది లేదు. ఇంకా కొంచెం ఆగి చూస్తాము" అన్నారు.

ఆ రైతు బతికాడు. ఎడమ చెయ్యి సరిగా రాకపోయినా, కొన్ని నెలలకు మామిడికాయల సంచి కుడి చేత్తో పట్టుకుని మా దగ్గరికి నడిచి వచ్చాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మేడం కాయలు అందరికీ పంచి, నన్ను పక్కకు పిలిచారు. బతకడని మనమే చెబితే వైద్యం ఆపేస్తారు, మనిషి పోతాడు, మనం చెప్పిందే నిజమైందని మురిసిపోతాం, అందుకే తొందరపడి చెప్పవద్దన్నారు. అంతటితో ఆగలేదు. "ఆగేది కూడా ఒక మందేనమ్మా, మల్లికా. ఎంత ఇయ్యాలనేది మాత్రం నాకూ తెలీదు" అన్నారు. మొదటి మాటే నేను పట్టుకున్నాను. రెండోది అప్పట్లో వినయం అనుకున్నాను.

నేను అదే ఐసీయూలో ఉద్యోగంలో కుదురుకున్నాక, సెలవుకు రాజపాళయం వెళ్ళిన మేడం స్నానాల గదిలో పడిపోయారు. మెదడులో పెద్ద రక్తస్రావం. ఆవిడ ఐసీయూకే, ఆవిడ రోజూ పక్కన నిలబడే మంచం మీదికే తెచ్చాము. మేడం పెళ్ళి చేసుకోలేదు. ఉన్నది చెల్లెలు శారదమ్మ ఒక్కరే. స్కాను చూసిన వాళ్ళంతా పెదవి విరిచారు. అక్కని ఇంటికి తీసుకొని పోయేదా అని శారదమ్మ నన్ను అడిగారు. ఆవిడ పక్కన నేల మీద కూర్చుని, ఇంకా కొంచెం ఆగి చూద్దామన్నాను. తనకే అలా జరిగితే ఏం చేయాలో మేడం ఎవరికీ చెప్పలేదు. మాలో ఎవరికీ అడగాలని తోచలేదు.

ఆగి చూశాము. మేడం సొంతంగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టారు. కళ్ళు తెరిచారు. ఆ పొద్దు నేను వెర్రిదానిలా నవ్వాను. కానీ ఊపిరి వచ్చింది, మనిషి రాలేదు. వారాలు గడిచినా రాలేదు. మెషీను మీద ఉన్న రోజుల్లోనైతే తీసేయడానికి ఏదో ఒకటి ఉంది. ఇప్పుడు ఊపిరి ఆవిడదే, తీసేయడానికేమీ లేదు. ఇంటికి ఎప్పుడైనా తీసుకుపోవచ్చన్న మేడం మాట మేడం విషయంలోనే తప్పింది. ఇంటికి తీసుకొచ్చారు, పోవడానికి కాదు, ఇలా పడి ఉండటానికి.

మొన్న నేను కళ్ళు తుడుచుకుంటుంటే శారదమ్మ జావ గిన్నె పక్కన పెట్టి అడిగారు. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాను.

"నువ్వు అక్క మాటే చెప్పినావు మల్లికా. నేనూ నమ్మినాను. అక్క లేచి వస్తే, మంచిపని చేసినావని అంటుందా?"

"తెలీదమ్మా" అన్నాను.

"నాకూ తెలీదు" అని ఆవిడ, మేడం ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంలో జావ పోయసాగారు.

ఇప్పుడు ఫెలోలకు పాఠం చెప్పేది నేనే. ఎన్నాళ్ళు ఆగాలి మేడం అని వాళ్ళు నన్ను అడుగుతారు. తొందరపడవద్దనే చెబుతాను, చెబుతూ మేడం పడి ఉన్న ఈ గదినే తలచుకుంటాను. ఇక ఆశ లేదని నాకు తెలుసు. ఆ మాట శారదమ్మతో అనడం మాత్రం ఇప్పటికీ చేతకావడం లేదు.

మేడంను చిన్నప్పుడు వాళ్ళమ్మ పాప అని పిలిచేదట. శారదమ్మ చెప్పారు. ప్రతి ఆదివారం కొత్త గుడ్డ కట్టాక, ఆవిడ నేర్పినట్టే చెవి దగ్గర వంగి, "పాపా" అని పిలుస్తాను. పిలిచి, ఆగుతాను. ఆవిడ దగ్గర నేను బాగా నేర్చుకున్నది అదొక్కటే.