ఉత్త రాడ్డు ఎత్తిన వారాలు

ఒక ఆడమనిషికి కడుపు పోయిందని తెలిసినప్పుడు మీ నోటి నుంచి మొదట వచ్చిన మాట ఏమిటి? ‘ఎలా ఉన్నావు’ అన్నారా, ‘ఏం తిన్నావు, ఏం ఎత్తావు’ అన్నారా? తొందరపడి జవాబు చెప్పకండి. ఆ రెండో ప్రశ్నను నేను చిత్తూరులో వీధి వీధినా విన్నాను.

నేను పవర్‌లిఫ్టింగ్ చేస్తాను. రాడ్డును భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం స్క్వాట్. బల్ల మీద వెల్లకిలా పడుకుని ఛాతీ మీది నుంచి పైకి నెట్టడం బెంచ్. నేల మీద ఉన్న బరువును తొడల దాకా లేపి నిటారుగా నిలబడడం డెడ్‌లిఫ్ట్. మా ఆటంతా ఈ మూడే.

గర్భం నిలిచిందని తెలిసిన రోజు నుంచే డాక్టరమ్మ చెప్పినట్టు బరువులు తగ్గించాను. మూడో నెలలో పోయింది. తిరుపతిలో స్కానింగ్ చూసిన ఆ డాక్టరమ్మే నా చెయ్యి పట్టుకుని చెప్పింది: మొదటి నెలల్లో పోయే గర్భాల్లో ఎక్కువ వాటికి పిండం ఏర్పడడంలోనే లోపం ఉంటుందనీ, నేను ఎత్తిన బరువుకూ దీనికీ సంబంధం లేదనీ. పక్కన కూర్చున్న అమ్మ కూడా విన్నది. తిరుగు బస్సులో ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. పూతలపట్టులో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి నీళ్ల సీసా కొని నా ఒళ్లో పెట్టింది, అంతే. ఆ మౌనానికి నేను అర్థం కట్టుకున్నాను: ఈమె కూడా ఇనుమునే అనుమానిస్తోంది.

అనుమానాన్ని దాచుకోని వాళ్లు చాలామందే ఉన్నారు. మామిడి మండీలో పనికి పోయే మా వీధి అక్క పలకరించడానికని వచ్చి గడపలోనే మొదలుపెట్టింది.

“ఇనుము మోసే కడుపులో బిడ్డ యాడ నిలస్తాది మే?”

“నువ్వు నిండు నెలల్లో మామిడికాయల ట్రేలు మోస్తివి గదక్కా. నీ కొడుకు కాలేజీకి పోతా ఉండాడే!”

“అది కూలి మే. ఇది కొవ్వు.”

ఈ ఒక్క మాటలో మన సమాజం నీతి అంతా ఉంది. నీళ్ల బిందె బరువు కాదు. గడ్డిమోపు బరువు కాదు. మిద్దె మీదికి మోసే సిమెంటు తట్ట బరువు కాదు. ఇంటికి పనికొచ్చే బరువు ఆడదాని నెత్తిన ఎంతున్నా ఎవరూ తూచరు. తన ఇష్టం కోసం ఒక కడ్డీ పట్టుకుంటే మాత్రం తక్కెడ తీసుకుని బయలుదేరుతారు. ఈ మాట సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నదాన్ని. ఆ రోజు అక్క వెళ్లిపోయాక తలుపు వేసుకుని, ఆమె అన్నదే నిజమేమోనని నా పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చాను. తర్కం తలలోనే ఉండిపోయింది, కిందికి దిగలేదు.

డాక్టరమ్మ సరేనన్నాక మళ్లీ జిమ్ముకు పోయాను. ఒళ్లు కూడదీసుకునే వారాలు ఇవి. కొత్త రికార్డులు ఉండవు, అరుపులు ఉండవు. కదలిక ఒక్కటి సరిగ్గా ఉందా లేదా అన్నదే చూస్తారు. మా కోచ్ అన్న సోమవారం ఉత్త రాడ్డు నా భుజాల మీద పెట్టి నవ్వాడు.

“నూరు కిలోలు లేపిన దానివి, ఉత్త రాడ్డుకు ఏమ్మా అట్ల మొగం ముడస్తావు? దానికి లేని సిగ్గు నీకేంటికి?”

సిగ్గు కాదు, భయం. కిందికి కూర్చున్నప్పుడల్లా పొత్తికడుపులో ఏదో జారిపోతున్నట్టు ఉండేది. జారిపోవడానికి అక్కడ ఇంకేమీ లేదని తెలిసి కూడా. బుధవారం బెంచ్. వెల్లకిలా పడుకుంటే కన్నీళ్లు చెవుల్లోకి దిగేవి. చేతులు రెండూ రాడ్డు మీదే ఉంటాయి, తుడుచుకునే వీలుండదు. శుక్రవారం డెడ్‌లిఫ్ట్. రాడ్డు చివర్లకు చిన్న ఇనుప బిళ్లలు వేస్తే రాడ్డు నేలకు మరీ దగ్గరగా పడి ఉంటుంది, నడుము ఎక్కువ వంగాలి. అందుకని అన్న రెండు చెక్కలు తెచ్చి కింద పేర్చాడు. “ఇంక బరువే నీ దెగ్గిరికి వచ్చింది, లేపు” అన్నాడు.

మూడు రోజులూ అమ్మ నా వెంట వచ్చేది. వాకిలి దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో, చెంగులో నిమ్మకాయ కట్టుకుని కూర్చునేది. దిష్టి తియ్యడానికేనని తెలుసు. మామూలుగానైతే పోట్లాడేదాన్ని. ఆ వారాల్లో నాకు ఓపిక లేదు.

ఒక శుక్రవారం అన్న బిళ్లలు సర్దడానికి లోపలికి పోయాడు. నేను అమ్మ కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చున్నాను.

“ఎంత బరువుమే అది?”

“ముప్పై కిలోలు.”

“మేం తోటలో మోసే గంప గూడా అంతే ఉంటా ఉండె.” చెంగు ముడి విప్పింది. “ఇనుము గాదు మే. నేను.”

నాకు అర్థం కాలేదు. ఆమె నిమ్మకాయ వైపే చూస్తూ చెప్పింది.

“నీకంటే ముందర ఒక బిడ్డ పొయ్యింది నాకు. బొప్పాయి తిన్న్యావని మీ అవ్వ పట్టుకునింది. కాణిపాకం తోడుకోని పొయ్యి, తల్లో నీళ్లు పోపిచ్చి, తిన్లేదని ప్రమాణం చెయ్యమనింది. చేసినాను. తిన్న్యాను మే. తోటలో పనికాడ ఆకిలయ్యి, మాగిన కాయి ఒక తుండు తిన్న్యాను. ఆ దొంగ ప్రమాణం ఈ పొద్దు నీ కడుపు మీద పడింది.”

కాణిపాకం దేవుడి ముందు తప్పుడు ప్రమాణం చేస్తే తగలక మానదని మా వైపు నమ్మకం. ఊళ్లో అప్పుల తగాదాలకూ, దొంగతనాలకూ అక్కడికే పోతారు. పచ్చి బాలింత లాంటి మనిషిని, నెత్తురింకా ఆగని మనిషిని కూడా అక్కడికే తీసుకుపోయారు! మా ఇంట్లోకి ఏనాడూ బొప్పాయి ఎందుకు రాలేదో నాకు అప్పుడు తెలిసింది. బస్సులో ఆ మౌనం ఎందుకో కూడా తెలిసింది. డాక్టరమ్మ బరువు వల్ల కాదని చెప్పినప్పుడు, మిగిలింది తన పాపమేనని అమ్మ లెక్క తేల్చుకుంది.

దేవుడు లేడని గంటసేపు వాదించగలను. ఆ మెట్టు మీద ఆ వాదన ఎత్తలేదు. డాక్టరమ్మ చెప్పిందే మళ్లీ చెప్పాను. “మాగిన బొప్పాయి ఒక తుండు తింటే బిడ్డ పోదమ్మా. నాది ఎట్ల పొయ్యిందో నీదీ అట్లనే పొయ్యింటాది. ఎవురి తప్పూ లేదు.”

అమ్మ నా మొహంలోకి చూసింది. “అప్పుడు ఎవురూ ఆ మాట చెప్పలేదే!”

తర్వాతి సోమవారం అన్న రాడ్డుకు రెండు బిళ్లలు ఎక్కించాడు. లేచి నిలబడ్డాను. పొత్తికడుపులో భయం కొంచెం తగ్గింది. రాడ్డు దించి వచ్చి అమ్మను అడిగాను, నేను చెప్పింది నమ్మిందా అని.

“నీ సంగతి నమ్మతా ఉండా మే,” అంది. “నాది నమ్మను చాత గాలే.” నిమ్మకాయ చెంగులోనే ఉంది.

నా ఒంటికి కొన్ని వారాలు చాలు. వారం వారం ఒక్కో జత బిళ్లలు పెంచుకుంటూ పోతాను. అమ్మ యవ్వనం నుంచి మోస్తున్నదాన్ని దించడానికి నాకు ఏ కోచ్ దారి చూపిస్తాడు? ఎన్నేళ్ల నిశ్శబ్దం అది, నేనొక్కదాన్ని ఒక్క మాటతో దించగలనా?

మీ ఇంట్లోనూ ఒకామె ఉంటుంది. తల్లో, అత్తో, పిన్నమ్మో. ఎప్పుడో ఒక బిడ్డను పోగొట్టుకుని, తినని దానికో తిన్న దానికో, ఎత్తిన దానికో తనను తానే తిట్టుకుంటూ ఉంటుంది. ఈ పుస్తకం పక్కన పెట్టండి. లేచి ఆమె దగ్గరికి పొండి. ఏమీ అడగకండి. నీ తప్పు లేదని చెప్పండి. నమ్మకపోతే రేపు మళ్లీ చెప్పండి.