ఉమ్మడి గోడ మీద నీలిమందు

నా చిన్నప్పుడు నా కంటపడిన ఉడుత ఇంటికి చేరేలోపు ఏనుగయ్యేది. యాభై దాటినా ఆ జబ్బు కుదర్లేదు కాబట్టి ముందే ఒప్పుకుంటున్నాను, ఇందులోనూ కొంత పెంచే ఉంటాను. ఏది కల్పించానో చివర్లో చెబుతాను.

మాచర్లలో మా నాన్న ఇల్లు కొన్నప్పుడు నాకు పదకొండేళ్ళు. పాతిల్లే గానీ, కొత్తగా సున్నం కొట్టి, నీళ్ళ పైపులన్నీ గోడల్లో దాచేసిన ఇల్లు. పైపు కనపడకుండా పంపు తిప్పితే నీళ్ళు రావడం మా వీధికి వింత. వచ్చినవాళ్ళకి నాన్న దేవుడి గదికన్నా ముందు స్నానాల గది చూపించేవాడు. రెండు నెలలు తిరక్కుండానే, పక్కింటికీ మాకూ ఉమ్మడిగా ఉన్న గోడ మీద నిమ్మకాయంత చెమ్మ కనిపించింది. వారానికి పళ్ళెమంత అయింది. ఆ తర్వాత గుంటూరు జిల్లా పటమంత అయి, అందులో కృష్ణ ఎటు పారుతోందో కూడా తెలిసేది.

గోడకి అవతల పక్కింటి అత్త వాళ్ళ నీళ్ళ తొట్టి ఉంది. వాళ్ళు అద్దెకుండేవాళ్ళు. మామ లారీ మెకానిక్కు, అత్త రవికలు కుట్టేది. నాన్న ఆ తొట్టినే అనుమానించాడు, కానీ ఇంట్లోనే గొణుక్కున్నాడు. బయటికి మోసింది నేను. పొద్దున బడిలో మా గోడ తడిసిందన్నాను. మధ్యాహ్నానికి కూలబోతోందన్నాను. సాయంత్రం బోరింగు దగ్గర ఆడవాళ్ళు చుట్టూ మూగేసరికి, పక్కింటి నీళ్ళకి మా చెల్లెలి మంచం తేలుతోందనీ, గోడలోంచి ఒక చేపపిల్ల కూడా పడిందనీ చెప్పాను. చేపను ఎవరూ నమ్మలేదు. గోడను మాత్రం అందరూ నమ్మారు.

మూడో రోజుకి ఆ మాట అత్త వాళ్ళ ఇంటి ఓనరు చెవిన పడింది. గోడ పడితే తన మీదికొస్తుందని, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు. అత్త ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. తొట్టి ఎండగట్టి, వీధి చివరి బోరింగు నుంచి బిందెలతో నీళ్ళు మోసుకుంది. ఆ బిందెలు మా గుమ్మం ముందునుంచే పోయేవి. అప్పుడు నేను పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి, తలకిందులుగా.

తొమ్మిది రోజులైనా గోడ ఆరలేదు. పాత చెమ్మ ఆరాలంటే చానా రోజులు పట్టిద్దని నాన్న తేల్చేశాడు. పదో రోజు అత్త మా ఇంటికొచ్చింది. మామ శుక్రవారం నమాజుకి తొడుక్కునే తెల్ల లాల్చీ కోసం దాచిన నీలిమందు పొట్లం ఆమె చేతిలో ఉంది.

"వదినా, మీ డాబా మీద ట్యాంకులో ఇది కలుపుదాం. ఆ నీళ్ళు ఏ ఇంటివో గోడే చెప్పుద్ది," అంది అమ్మతో. తర్వాత నా వైపు తిరిగి పొట్లం నా చేతిలో పెట్టింది. "నువ్వే కలుపబ్బాయ్. నీ మాటైతే ఊరంతా నమ్ముద్ది."

ఆ గొంతులో కోపముంటే బాగుండేది. మా నిచ్చెనకి పదకొండు మెట్లే గానీ, ఆ రోజు నేను నాలుగొందలు ఎక్కాను.

తెల్లారేసరికి మా గోడ నీలంగా చెమర్చింది. నాన్న వేలితో ముట్టుకుని, ఆ వేలు చూసుకుని, మేస్త్రికి కబురు పెట్టాడు. మేస్త్రి వచ్చి గోడ పగలగొడితే, లోపల తుప్పుపట్టిన పైపు జాయింటుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, మీద సిమెంటు పూసి ఉంది. మాకు ఇల్లు అమ్మినాయన పనితనం అది. నాన్న చొక్కా వేసుకుని, ఆ నీలం వేలితోనే ఓనరు ఇంటికెళ్ళి, తప్పు మాదేనని చెప్పి వచ్చాడు. అత్త వాళ్ళు ఖాళీ చెయ్యలేదు.

ఆ సాయంత్రం నేను అత్త కుట్టుమిషను దగ్గరికెళ్ళి, ఊరంతా చెప్పింది నేనేనని ఏడ్చాను. ఆమె నా తల నిమిరి, "తెల్సులేరా," అంది.

ఆనాటి నుంచి పెంచి చెప్పాలనిపిస్తే నా గురించే చెప్పుకుంటాను. పక్కవాళ్ళ విషయానికొచ్చేసరికి ఉడుతను ఉడుతగానే వదిలేస్తాను.

ఇక కల్పించింది ఏదో చెబుతానన్నాను కదా. చేపపిల్ల పడిందని నిజంగానే చెప్పాను. నాన్న వేలి నీలమూ నిజమే. కుట్టుమిషను దగ్గరికెళ్ళి ఏడ్చానన్నది మాత్రం కల్పించాను. గోడ అవతల ఆ మిషను ఇంకో ఆరేళ్ళు ఆడింది. నేను వెళ్ళలేదు.