సున్నం కింద మాట

రెండువేల నాలుగులో మా అమ్మాయి పురుటికని ఐర్లండు వెళ్లాను. అమ్మాయి అక్కడ నర్సు. బయలుదేరేటప్పుడే ఇంకో పని కూడా పెట్టుకున్నాను. తిరువూరులో మాకు నలభై ఏళ్లు మందులిచ్చి, మా సమాధుల తోటలోనే పడుకున్న సిస్టరమ్మ పుట్టిన ఊరు చూడాలి. ఆమెను మేం బాగా చూసుకుంటున్నామని అక్కడివాళ్లకు చెప్పాలి.

పొద్దున్న ఎనిమిదింటికి డబ్లిన్‌లో బస్సెక్కాం, నేనూ అమ్మాయీ చంటిదీ. పన్నెండుకు దిగి చిన్న బస్సు మారాం. పులిహోర పొట్లం విప్పితే పక్కనున్న ముసలామె తొంగి చూసింది. మేం వెళ్లే ఊరి పేరు విని, "అక్కడేముందమ్మా, గాలి తప్ప!" అని నవ్విందట. అమ్మాయే నాకు తెలుగులో చెప్పింది.

రెండున్నరకు దిగాం. సముద్రం ఒడ్డున పాతిక ఇళ్లు, వాటి వెనక కప్పుల్లేని రాతిగోడలు అంతకు రెండింతలు. ఒకప్పుడు బంగాళాదుంప పంట కుళ్లి కరువొస్తే కొందరు ఆకలికి పోయారట, మిగిలినవాళ్లు ఓడలెక్కారట. ఆ తర్వాత కూడా ఓడెక్కడం ఆగలేదు. వెళ్లే మనిషి చుట్టూ ముందురోజే శవం దగ్గర కూర్చున్నట్టు కూర్చుని ఏడ్చేవారట, బతికుండగానే.

సిస్టరమ్మకీ అలాగే చేశామని ఆమె తమ్ముడు చెప్పారు. ఎనభై ఏళ్ల మనిషి, ఒంటరి. టీ ఇచ్చి ఒక్కటే అడిగారు.

"అక్క సమాధి రాయి మీద చెక్కమని, ఇంగ్లీషులో కాదు, మా సొంత భాషలో ఒక మాట రాసి పంపాను. చెక్కారా?"

 ఏటా సమాధుల పండక్కి ఆ రాయికి సున్నం కొట్టేది నేనే. తెల్లగా మెరవాలని అక్షరాల మీద కూడా కొట్టాను. కింద ఏముందో ఇప్పుడెవరికీ తెలీదు. దాచకుండా అదే అమ్మాయి చేత చెప్పించాను.

"ఏటా కొట్టావా?"

"ఒక్క ఏడూ తప్పలేదండి."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. "వెళ్లాక గీకి చూడమ్మా."

ఆ మాట రాసిమ్మంటే చూపు ఆనక రాయలేకపోయారు. నోటితోనే మూడుసార్లు చెప్పారు. తలుపు తీసే ఉంది, రా అని అర్థమట. నాకు చదువు లేదు గానీ, విన్నమాట పోదు.

తిరుగు ప్రయాణంలో విమానంలోనూ, హైదరాబాదు నుంచి బెజవాడ దాకా, బెజవాడ నుంచి తిరువూరు దాకా బస్సుల్లోనూ ఆ మాటే అనుకుంటూ వచ్చాను. మర్నాడు కొబ్బరిపీచూ మేకూ పట్టుకుని తోటకు వెళ్లాను. సున్నం పొరలు పొరలుగా ఊడింది. సిస్టరమ్మ పేరు బయటపడింది, దారిన పోయే పిల్లాడు చదివి చెప్పాడు. దాని కింద అంతా నున్నటి రాయే.

ఎలా చెప్పాలా అనుకుంటూ అమ్మాయికి ఫోన్ చేశాను. "ఆ తాతగారు పోయారమ్మా. ఇంటికి తాళం వేసేశారట," అంది.

రాళ్లు చెక్కే అతన్ని పిలిపించాను. నేను పలుకుతుంటే తెలుగు అక్షరాల్లో రాసుకున్నాడు.

"దీనర్థం ఏంటండి?"

"తలుపు తీసే ఉంది, రమ్మని."

"ఎవరింటి తలుపండి?"

"చెక్కు నాయనా," అన్నాను.