నీడలో నీలం, ఎండలో పచ్చ

మా నాన్న మోటార్ సైకిల్ ఏ రంగో అడిగితే ఊళ్లో ఇద్దరు ఒక్కమాట చెప్పరు. నీడలో నీలం, ఎండలోకి తెస్తే పచ్చ. కంపెనీ వాళ్లు దానికేదో ఇంగ్లీషు పేరు పెట్టారు గానీ, ఆగిరిపల్లి చుట్టుపక్కల తోటల్లో మాత్రం అది 'పెద్దాయన బండి'. మామిడి తోటలు కౌలుకు తీసుకుని కాపు అమ్ముకోవడం ఆయన పని. బండి ఏ తోట ముందు ఆగి ఉంటే ఆయన ఆ తోటలో ఉన్నట్టు. కూలీలైనా, లారీ వాళ్లైనా ముందు బండి కోసం చూసి, తర్వాత ఆయన్ని కేకేసేవాళ్లు. ఆయన చెట్టు కింద నిలబడి, కళ్లు చికిలించి, కాయ పచ్చదనంలో తేడా చూసి ముదురో లేతో చెప్పేవాడు. ఆ మాట మీదే కోత మొదలయ్యేది.

చివరికి ఆయన కూడా ఆ బండిని చూసుకునే ఇంటికి వచ్చే రోజులొచ్చాయి. మొదట్లో మతిమరుపులే అని నవ్వుకున్నాం. తర్వాత నవ్వు ఆగిపోయింది. నా పేరు పోయింది, నేనెవరో పోయింది, చివరికి ఇల్లు కూడా పోయింది. పొద్దున్నే నడకకు వెళ్లి తిరిగొచ్చేటప్పుడు మాత్రం గేటు పక్కన బండి కనపడగానే ఆగి, లోపలికొచ్చి, చెప్పులు విడిచి మంచినీళ్లు అడిగేవాడు. అది కనిపెట్టాక నేను బండి కదపడం మానేసి బడికి బస్సులో వెళ్లడం మొదలుపెట్టాను.

గదిలో పెట్టి గడియ వేయమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. సలహాకేం, ఎవరైనా ఇస్తారు. జీవితమంతా తోటల్లో తిరిగిన మనిషిని నాలుగు గోడల మధ్య పెట్టడానికి నాకు చేతులు రాలేదు. బండి ఉన్నంతకాలం ఆ అవసరం రాదనుకున్నాను.

పోయిన వేసవిలో పెరట్లో రసాల చెట్టు కాయలు తనే కోశాడు. కోసిన కాయను తొడిమ తుంచి తలకిందులుగా పెట్టాలి. లేకపోతే సొన కారి తొక్క మీద నల్లమచ్చ పడుతుంది. ఈ ఒక్క విషయం మీద ఎంతమంది కూలీల్ని తిట్టిపోశాడో లెక్కలేదు. అన్నీ మర్చిపోయిన మనిషి ఇది మర్చిపోలేదు. బండి సీటు మీదా ట్యాంకు మీదా గోనెపట్టా పరిచి, కాయల్ని ఒద్దికగా తలకిందులుగా పేర్చి, దొర్లిపోకుండా చుట్టూ తన కండువా పెట్టాడు. మేం చూసేసరికి మధ్యాహ్నమైంది. ఆ ఎండకి సొన గోనెలోంచి దిగి ట్యాంకుకి అంటుకుపోయింది. పట్టా లాగితే రంగు పొక్కులు పొక్కులుగా దాంతోపాటే లేచి వచ్చేసింది. కాయల మీద ఒక్క మచ్చ లేదు. ఆయన వాటిని చూసుకుని తృప్తిగా తలాడించాడు.

మర్నాడు నడకనుంచి వస్తూ, రంగు పోయిన బండిని గుర్తుపట్టక గేటు దాటి వెళ్లిపోయాడు. జి. కొండూరు వెళ్లే దారిలో ఎవరో గుర్తుపట్టి ఆటోలో తెచ్చి దింపారు.

ట్యాంకు విప్పించి నూజివీడులో పెయింటరు దగ్గరికి తీసుకెళ్లాను. అతను దాన్ని ఎండలోనూ నీడలోనూ అటూ ఇటూ తిప్పి పెదవి విరిచాడు.

"ఎరుపో నలుపో అయితే రేపే ఇచ్చేద్దును మాస్టారూ. ఇది పెర్ల్ అండి. అడుగున ఒక రంగు, దాని మీద మెరుపు, ఆపైన క్లియరు. ఫ్యాక్టరీలో ఏది ఎంత పల్చగా కొట్టారో మనకేం తెలుస్తుందండీ?"

షోరూములో అడిగితే ఆ రంగు ఆపేశారన్నారు. కొత్త ట్యాంకు నలుపులోనే ఉందట. "బండి మొత్తం నలుపు చేయించేయండి సార్, లుక్కే మారిపోద్ది" అన్నాడు కౌంటర్లో అతను. లుక్కు మారకూడదనే కదా నా తిప్పలన్నీ. బయటికొచ్చేశాను.

విజయవాడలో రంగులు కలిపే దుకాణానికి సైడు ప్యానెలు పట్టుకెళ్లాను. అదీ ఏళ్ల తరబడి ఎండలో నిలబడి వెలిసిపోయింది. కంప్యూటరు దాన్ని చూసి దగ్గరదగ్గరగా ఉన్న రంగులు చూపించింది గానీ, ఇదే అని ఒక్కటీ చెప్పలేదు. మాకు కావలసింది టీ గ్లాసుడు, వాళ్లు అమ్మేది డబ్బా. అడుగు రంగుకో డబ్బా, మెరుపుకో డబ్బా. బండి అమ్మినా వాటి ఖరీదు రాదు.

"ఆ డబ్బు పెట్టి మావయ్యగారి వెంట ఒక మనిషిని పెట్టుకోవచ్చు కదండీ" అంది నా భార్య. పెట్టాం. ఎవరో వెంటపడుతున్నారని నాన్న రాయి తీసుకున్నాడు. ఆ మనిషి మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఆమే ఆయనకి కనపడకుండా చాలా వెనకగా నడవడం మొదలుపెట్టింది, వంట పని వదిలేసి.

మొదటిసారి కొట్టిన రంగు నీడలో బాగుంది, ఎండలో నల్లబడింది. గీకించి మళ్లీ కొట్టిస్తే పచ్చ ఎక్కువైంది. మళ్లీ డబ్బాలు, మళ్లీ విజయవాడ బస్సు. నాకు పెయింటరు మీద కోపం, కంపెనీ మీద కోపం, సాయంత్రానికి ఇంటికొస్తే నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడే నాన్న మీద కూడా కోపం. చివరికి ఒకరోజు ట్యాంకు పక్కన ప్యానెలు పెట్టి చూస్తే నా కంటికి తేడా తెలియలేదు. పక్క కొట్టువాళ్లనీ పిలిచి చూపించాను. అచ్చం అదేనన్నారు. "ఇంతకంటే నావల్ల కాదండి" అన్నాడు పెయింటరు.

బండిని పాత చోటే, గేటు పక్కన నిలబెట్టాను. మర్నాడు నాన్న నడకనుంచి వచ్చే వేళకి నేనూ అక్కడే నిలబడ్డాను. దూరంనుంచే బండిని చూశాడు. నడక నెమ్మదించింది. దగ్గరికొచ్చి ఆగాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

"కాస్త ఎండలోకి జరపండి" అన్నాడు.

జరిపాను. ఆయన వంగి, కళ్లు చికిలించి, ట్యాంకు మీద చెయ్యి వేసి అటూ ఇటూ చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. కోతకి ముందు కాయని అలాగే చూసేవాడు.

"బాగా వేశారండీ రంగు. కానీ ఇది కాదు" అన్నాడు. "ఈ పచ్చ ఇంకా లేత. మాది ముదురుపచ్చండీ. మా ఇంటి ముందు ఉంటుంది. అది కనపడితే మా ఇల్లు వచ్చినట్టే. మీరెక్కడన్నా చూశారా?"

ఆయన వెనకే నడిచొచ్చి ఎప్పుడు లోపలికెళ్లిందో, నా భార్య మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉంది. నేను బండికి స్టాండు వేశాను.

"చూశానండీ. పదండి, వెతుకుదాం" అన్నాను.

ఆయన ముందు, నేను వెనక, మా ఇల్లు దాటుకుని నడుచుకుంటూ వెళ్లిపోయాం. ఆ సాయంత్రం ఆయన గది తలుపుకి బయటివైపు గడియ బిగించాను. మరలు ఒక్కొక్కటే నాకు అందించింది ఆయనే.