ముందు చక్రం కింద నిమ్మకాయ

ముందు చక్రం కింద నిమ్మకాయ చితికింది. అక్కడి నుంచే తెల్లటి పొగ లేచింది, వెనువెంటనే మంట. రాకెట్ విమానం ఇంకా రన్‌వే దాకా కూడా రాలేదు. లోపల పైలట్ ఉన్నాడు.

అప్పుడు నేను సిడ్నీలో ఇంజినీరింగ్ విద్యార్థిని. సెలవుల్లో రిజర్వ్ సైనికుణ్ణి. దక్షిణ ఆస్ట్రేలియా ఎడారిలోని ప్రయోగక్షేత్రంలో మా జట్టుకు నీళ్ల ట్యాంకర్ అప్పగించారు. ఎర్రమట్టి. నీడ లేదు. పొద్దున తొమ్మిదికే నలభై డిగ్రీలు. రబ్బరు సూటు, బూట్ల నిండా చెమట, నోట్లో దూరే ఈగలు.

విమానం ఒక ప్రైవేటు కంపెనీది. డైరెక్టర్ మన తెలుగువాడే. మెల్‌బోర్న్ శివారు పాయింట్ కుక్‌లో పెద్ద ఇల్లు, దానికన్నా పెద్ద గొంతు. రాకెట్ విమానాల యుగాన్ని తానే మొదలుపెడుతున్నట్టు మాట్లాడేవాడు. అది ఎప్పుడో రెండో ప్రపంచయుద్ధంలోనే మొదలైంది. ఇంధనాన్ని మండించడానికి వాడిన గాఢ హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆనాటి పైలట్లనే కాల్చింది. ఇతను ఆ ద్రవాన్ని అరువు తెచ్చుకున్నాడు, పాఠాన్ని వదిలేశాడు.

ఇంధన విభాగం ఇంజినీరు సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో ఉండే గుంటూరు ఆంటీ. మొదటి రోజే మాకు చెప్పారు: "చూడ్డానికి వాటర్‌లాగే ఉంటుంది బాబూ. ఆయిల్, ఆకు, గుడ్డ, ఏది తగిలినా అంటుకుంటుంది. డ్రాప్ కనబడితే నన్ను అడగొద్దు, హోస్ తిప్పెయ్యండి."

ఆ ఉదయం పెట్టుబడిదారులు వచ్చారు, వాళ్ల వెంట కెమెరాలు. డైరెక్టర్ జేబులోంచి నిమ్మకాయలు, కుంకుమ పొట్లం తీశాడు.

"సార్, పెరాక్సైడ్ ట్యాంకు వెంట్ పైపు డ్రిప్ అవుతోంది. టెస్ట్ ఆపుదాం," అన్నారు ఆంటీ. "ఆ నిమ్మకాయలైతే అసలే వద్దు."

"కొత్త కారుకైనా తొక్కిస్తాం కదమ్మా! మీరు చర్చి వాళ్లు, మీకేం తెలుస్తుందిలే."

"నా కారుకి పాస్టర్‌గారితో ప్రేయర్ చేయించానండీ. కానీ దాని ట్యాంకులో పెరాక్సైడ్ లేదు."

మా కార్పొరల్ ఆస్ట్రేలియన్. నా వైపు వంగి, "లెమన్స్ వచ్చాయి. ఫిష్ ఎక్కడ, మేట్?" అన్నాడు.

డైరెక్టర్ కెమెరా వైపు మొహం పెట్టి, స్వయంగా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి కుంకుమ చల్లాడు. భక్తి అయితే ఇంటి దగ్గర చేసుకునేవాడు. ఇది ఫొటో కోసం.

"నేను క్లియరెన్స్ ఇవ్వట్లేదు," ఆంటీ రేడియోలో అన్నారు.

"నేనిస్తున్నా. లాగండి."

విమానాన్ని ట్రాక్టర్ లాగింది. మంట లేచింది.

"వాటర్! వాటర్!" అది ఆంటీ.

"హోల్డ్! ఎలక్ట్రానిక్స్ తడుస్తాయి!" అది డైరెక్టర్.

కార్పొరల్ ఒక బూతు మాటతో వాల్వ్ తిప్పాడు. నేను నాజిల్ పట్టాను. పైలట్ కిందికి దూకి, పైపు నుంచి కారిన మడుగులో రెండు చేతులూ ఆనించి పడ్డాడు.

విచారణలో డైరెక్టర్ గొంతు చిన్నదైంది. నిమ్మకాయలు ఇంజినీరు మూఢనమ్మకమట. ఆదివారం చర్చి తప్పని మనిషి మీద వేసిన నింద! కంపెనీ ఇచ్చిన వీడియో మంట దగ్గరే మొదలైంది. కార్పొరల్, నేను చూసింది చూసినట్టు చెప్పాం. విన్నారు, తల ఊపారు.

సెమిస్టర్ మొదలయ్యేలోగా యూనివర్సిటీకి తిరిగొచ్చాను. తర్వాత పత్రికల్లో పనిచేస్తూ చాలా ప్రమాదాలు చూశాను. కళ్లలో నిలిచింది ఒక్కటే: నా హోస్ కింద పైలట్ చేతులు, పెరాక్సైడ్ తగిలి సున్నం కొట్టినట్టు తెల్లగా, వాటిని ఎవరివో అన్నట్టు అతను చూస్తున్నాడు.

మంటకు అసలు కారణం విచారణ తేల్చలేదు. విచారణ అయ్యేదాకా అంటూ ఆంటీని ప్రయోగక్షేత్రంలోకి రానివ్వకుండా ఇచ్చిన ఆర్డరు ఇప్పటికీ రద్దు కాలేదు.