టోపీ మిషను

మా అమ్మాయి పురిటికి ఇంటికొచ్చిన చలికాలంలో నేనొక అల్లిక మిషను కొన్నాను. ఉద్యోగమంతా బస్సుల్లో టిక్కెట్లు కొట్టిన కండక్టరు చేతులు రిటైరయ్యాక ఊరికే ఉంటాయా? కారని కుళాయి విప్పడం, తిరిగే ఫ్యాను ఆపి బాగుచేయడం, ఇవే నా పనులు. అలాంటి రోజుల్లో ఫోనులో ఒక వీడియో కనిపించింది. ఎవరో ఒకావిడ గుండ్రటి ప్లాస్టిక్ మిషనుకి ఊలు తగిలించి పక్కనున్న పిడి తిప్పుతుంటే, కిందనుంచి టోపీ దిగుతోంది. చూస్తూ చూస్తూనే ఆర్డరు పెట్టేశాను. పుట్టబోయే బిడ్డ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేటప్పుడు నెత్తిన నేనల్లిన టోపీ ఉండాలి. ఆ కోరిక పట్టుకున్నాక నాకు మరో ధ్యాస లేదు.

మిషను వచ్చింది. ఇడ్లీ పాత్రంత ఉంది. లోపల చుట్టూ కొక్కేలు. పిడి తిప్పితే ఒక్కొక్కటే పైకి లేచి, ఊలు అందుకుని, మళ్ళీ కిందికి దిగుతుంది. నా భార్య వంటింట్లోంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. ఆవిడ మా మేనమామ కూతురే. పొందూరులో నూలు వడికే ఇంట్లో పుట్టింది.

"ఏటి బావా ఇది? జంతికల గొట్టమా?"

"టోపీలల్లే మిషను."

"ఓలమ్మో! రాట్నం తిప్పే ఇంటి పిల్లని నేనుండగా, నువ్వు తిప్పుతావేటి?"

"వడకడం వేరు, అల్లడం వేరు," అన్నాను గొప్పగా.

మొదటి వరస చేత్తోనే వేసుకోవాలి. ఊలుని ఒక కొక్కేనికి ముందునుంచి, దాని పక్కదానికి వెనకనుంచి పోనివ్వాలి. అది బాగానే వేశాను. ఆ తర్వాతే నా బుద్ధి బయటపడింది. పిడి పట్టుకున్నానో లేదో, "రైట్, రైట్!" అంటూ గిరగిరా తిప్పేశాను. అలవాటైన నోరు. మా అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. సగం కొక్కేలు ఊలు అందుకున్నాయి, మిగతావి ఉత్తినే లేచి దిగాయి. కిందనుంచి వచ్చినదానికి టోపీలో ఉండాల్సిన లక్షణం ఒక్కటీ లేదు, అన్నీ కన్నాలే.

నా భార్య దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. "కళింగపట్నం పట్టుకెల్లి అమ్మెయ్యి బావా. సేపలోళ్ళు వల అనుకుని కొంటారు."

మిషను డూప్లికేటని తిట్టి మంచం కిందికి తోసేశాను. కాఫీ తాగి మళ్ళీ బయటికి లాగాను. అలా తోస్తూ, లాగుతూ, విప్పుతూ, అల్లుతూ మెల్లగా కిటుకు పట్టుకున్నాను. ప్రతి కొక్కెం నోట్లో ఊలు పడిందో లేదో చూసుకుంటూ నిదానంగా తిప్పాలి. ఎట్టకేలకు పసుపుపచ్చ గొట్టం ఒకటి నున్నగా దిగింది. చివరి కుట్లలోంచి దారం పోనిచ్చి, లంగా బొందులా లాగి ముడేశాను. పైన కుచ్చు కూడా పెట్టాను. ఎవరూ అడక్కపోయినా వీధంతా తిరిగి చూపించి వచ్చాను.

ఆడపిల్ల పుట్టింది. చలిగాలి కోసేస్తున్న పొద్దున, టోపీ జేబులో పెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. తీసి తొడగబోతుంటే నా భార్య చెయ్యి పట్టుకుంది.

"ఆగు బావా. కొత్తదేస్తావేటి పసిగుంటకి? బారసాల దాకా పాతబట్టే కదా."

మా ఇళ్ళలో చిన్నప్పటి నుంచీ చూస్తున్న పద్ధతే. ఊయలలో వేసే రోజు దాకా పసిబిడ్డకి కొత్తవి తొడగరు. పెద్దవాళ్ళు కట్టి కట్టి మెత్తబడిన బట్టలోనే చుడతారు. మా అమ్మాయినీ మా అమ్మ పాత చీరలోనే చుట్టాం. అన్నీ తెలిసినవాణ్ణే, కానీ కొక్కేల ధ్యాసలో పడి ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు.

"ఇది బట్ట కాదు, టోపీ!" అని గొంతు పెంచాను. నర్సు తొంగిచూసింది.

"టోపీ అయితే ఏటి? కొత్తదే కదా. తలకి నా పాత సీర ముక్క సుడతాను."

"బారసాలకి వేద్దాంలే నాన్నా," అంది మా అమ్మాయి జాలిగా. ఆ జాలి చూస్తే ఇంకా ఒళ్ళు మండింది. నాకు కావలసింది ఇంటికొచ్చే రోజు. ఏడుపొక్కటే తక్కువగా ఇల్లు చేరి, మిషనుని డబ్బాలో పెట్టేశాను.

బాలింతకి పత్యం వండటానికి ఆసుపత్రి నుంచి వచ్చిన నా భార్య ఆ డబ్బా చూసింది. బీరువా తెరిచి, నా బూడిదరంగు మఫ్లరు తీసింది. తొలి బస్సు డ్యూటీల్లో చెవులకి చుట్టుకోవడానికి రోడ్డు పక్క స్వెట్టర్లమ్మే నేపాలీ వాళ్ళ దగ్గర కొన్నది. చివర ముడి కత్తిరించి ఊలు లాగడం మొదలుపెట్టింది. వరస వెంట వరస జరజరా ఊడిపోతోంది.

"ఏయ్, అది నాది!"

"నీదని తెలిసే ఇప్పుతన్నాను. పాత ఊలుతో అల్లితే టోపీ పాతదే అవుతాది. బేగి ఆ మిషను తియ్యి."

విప్పిన ఊలు ఉంగరాలు ఉంగరాలుగా ఉంది. కుర్చీ వీపుకి చుట్టి, వేడినీళ్ళు చిలకరించి, ఆరబెట్టి సాపు చేసింది.

"మీ అమ్మ శాలువా ఉంది కదా. నాదే ఎందుకు?" అన్నాను.

ఆవిడ తలెత్తలేదు. "పాతబట్ట ఎందుకు కడతారో తెల్దేటి? పెద్దోళ్ళ ఆయుస్సు బిడ్డకి రావాలని. నీకు బీపీ ఉన్నాది, సుగరున్నాది, పొద్దస్తమానం అరుస్తావు. అయినా గట్టోడివి బావా. గుంట నీలాగుండాలి."

పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ నోట నా గురించి ఒక్క మంచిమాట విన్న గుర్తు లేదు. నాకు కొక్కేలు మసకబారాయి. కళ్ళు తుడుచుకుంటూ నేను పిడి తిప్పుతుంటే, ఊలు బిగిసిపోకుండా ఆవిడ వేళ్ళ మధ్య నుంచి వదిలింది. ఒక్క కుట్టూ జారలేదు.

ఇంటికి బయల్దేరే రోజు ఆ బూడిదరంగు టోపీని ఆవిడే అంచు మడిచి మనవరాలికి తొడిగింది. తొడిగి, బిడ్డని నా ఒళ్ళో పెట్టింది. ఆటోలో గాలి జివ్వుమని కొడుతుంటే టోపీ మీద అరచెయ్యి ఆనించుకుని కూర్చున్నాను. ఆ చిన్న తల వెచ్చగా ఉంది. అంత సంతోషంగా నేను ఏ డ్యూటీ దిగీ ఇంటికి రాలేదు.