కరెంటు లేని మైకులో నా గొంతు

దయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. దయ్యాన్ని చూశామని చెప్పేవాళ్లంటే ఇంకా చిరాకు. మా అత్తగారి ఊళ్లో ఒకాయన చీకట్లో తెల్లచీర కనపడిందని జ్వరం తెచ్చుకుని మంచం ఎక్కాడు. తెల్లారి చూస్తే అది ఎవరో కంచె మీద ఆరేసుకున్న పంచె. అయినా ఆయన కథ మార్చుకోలేదు. ఇప్పటికీ చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ ఆ చీర కాస్త పొడుగవుతుంది.

కాబట్టి ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వుకోవచ్చు. ఇంకెవరైనా చెబితే నేనూ నవ్వేదాన్నే.

మాది నరసరావుపేట. పెళ్లిళ్లలో మైకు పట్టుకోవడం నా వృత్తి. కొందరు యాంకరమ్మ అంటారు, కొందరు డీజే మేడమ్ అంటారు, ముసలివాళ్లు మైకామె అంటారు. పాటలు, బాక్సులు, లైట్లు మస్తాన్ చూసుకుంటాడు. నాకంటే కాస్త చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. పెళ్లికొడుకు మీద పొగ వదలడం అతని పని. ఆ పొగలో దగ్గుతున్న పెళ్లికొడుకుని మహారాజులా నడిచి వస్తున్నాడని చెప్పడం నా పని.

మైకు పట్టుకోవడం అంటే మాట్లాడటం ఒక్కటే అనుకుంటారు. కాదు. మొహామొహాలు చూసుకోని బావాబామ్మర్దుల్ని ఒకే ఫొటోలో నిలబెట్టాలి. తాగొచ్చిన పెళ్లికొడుకు స్నేహితుల చేతిలోంచి మైకు లాక్కోవాలి, అదీ నవ్వుతూ. పంతులుగారు మంత్రం ఆపి సౌండు తగ్గించమంటే తగ్గించాలి, ఆయన అటు తిరగ్గానే కుర్రాళ్లు పెంచమంటే పెంచాలి. జన్మలో కాలు కదపని పెళ్లికూతురికి డాన్సు నేర్పాలి. నేర్చుకోకపోయినా అద్భుతం అనాలి. తప్పిపోయిన తాళంచెవులు, ఉంగరాలు, ముసలమ్మలు, అన్నీ నా ఖాతాలోకే వస్తాయి.

వీటన్నిటికంటే నాయకులు ఘోరం. మా పల్నాడులో పెళ్లికి వచ్చే జనంలో సగం మంది మాజీలు. మాజీ సర్పంచ్, మాజీ ఉపసర్పంచ్, ఏమీ కానివాడు కాబోయే సర్పంచ్. ప్రతివాడి పేరూ గౌరవనీయులైన అని మొదలుపెట్టి చదవాలి. వరస తప్పితే అలిగి వెళ్లిపోతారు, భోజనం చేశాకే.

ఇక బండ్లు. దారికి అడ్డంగా కారు పెట్టి లోపల కూర్చుంటారు. "దయచేసి మీ వాహనాన్ని పక్కకు తీయవలసిందిగా కోరుతున్నాం" అని ఎంత తియ్యగా చెప్పినా ఒక్కడూ లేవడు. తన బండి నంబరు మైకులో వినపడటం కూడా ఒక మర్యాదే అనుకుని పక్కవాడి వైపు చూసి మీసం సవరించుకుంటాడు.

ఈ జనాన్ని భరించడానికి నేను మైకు ముందు వేరే గొంతు వాడతాను. పంచదార పాకంలాంటి గొంతు. ఇంట్లో నా అసలు గొంతు అది కాదు. మా అమ్మది నకరికల్లు వైపు. కోపం వస్తే ఆమె నోరు వీధి చివరిదాకా వినపడేది. నాకూ అదే వచ్చింది. ఆ గొంతు ఏనాడూ మైకులోకి రానివ్వలేదు. వస్తే నాకు పని ఉండదు.

ఇది జరిగింది మే నెలలో, మిట్టమధ్యాహ్నం. నరసరావుపేట దాటాక రోడ్డు పక్కన ఉన్న ఒక ఫంక్షన్ హాలు. ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. డాన్సులు, సన్మానాలు అయ్యాక జనం భోజనాల మీద పడ్డారు. ఆ ఎండకి బయట నేల మీద కాలు పెట్టలేం. రోడ్డు మీద కుక్క కూడా లేదు.

ఆ పెళ్లిలో కోటేశ్వరరావు అని ఒకడున్నాడు. పెళ్లికూతురికి వరసకి బాబాయి. ఊళ్లో చిన్న నాయకుడు, మొహం మాత్రం పెద్ద నాయకుడిది. పొద్దుట నుంచి నన్ను తినేశాడు. తన పేరు ముందు "యువనేత" అని చేర్చి చదవమన్నాడు. జుట్టుకి రంగు వేసుకుంటే సరా? చదివాను. కొత్తగా తెల్ల కారు కొన్నాడు. వరండాలో నిలబడి దూరం నుంచే రిమోటు నొక్కి తాళం వేసి, అది కుయ్యిమని లైట్లు వెలిగించి ఆర్పితే, చుట్టూ ఎవరు చూస్తున్నారా అని చూసేవాడు. భోజనానికి లేచేటప్పుడు కూడా ఆ తమాషా చేసే లోపలికి వచ్చాడు. నేను కళ్లారా చూశాను, లోపల్లోపల తిట్టుకున్నాను.

భోజనాల హాలులోకి వెళ్లి కూర్చున్న కాసేపటికే కరెంటు పోయింది. జనరేటర్ ఆన్ చేశారు. అది గుర్రుమని ఆగిపోయింది. ఆ వేడికి అదీ మొరాయించింది. ఫ్యాన్లు ఆగిపోయేసరికి జనం కరెంటు వాళ్లని, పెళ్లివాళ్లని, వంటవాళ్లని కలిపి తిట్టడం మొదలుపెట్టారు. మస్తాన్ జనరేటర్ ఆయనకి సాయంగా వెనక్కి వెళ్లాడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. నా చేతి మైకు నా సంచీలో ఉంది. సంచీ నా కాళ్ల దగ్గర ఉంది. భోజనానికి వచ్చేముందు మైకులోంచి బ్యాటరీ సెల్లు తీసి విడిగా పెట్టుకుంటాను, తాగుబోతులు ఎత్తుకుపోయి పాడకుండా. ఆ రోజూ తీశాను. భోజనాల హాలు గోడకి ఒక స్పీకరు బాక్సు తగిలించాం. అది కరెంటు ఉంటేనే పలుకుతుంది. అందులో బ్యాటరీ లేదు.

నేను పెరుగన్నం కలుపుకుంటున్నాను. నోట్లో ముద్ద ఉంది. అప్పుడు ఆ బాక్సులోంచి నా గొంతు వచ్చింది.

"ఒరేయ్ కోటేశ్వరరావ్! తిన్నది చాల్లే, లెగు. నీ బండి కాడికి పో. తలుపు తియ్యి పోరా, ఎదవా!"

పంచదార గొంతు కాదు. నా ఇంటి గొంతు. నేను పిల్లల్ని, గిన్నెల్ని, గేదెల్ని తిట్టే గొంతు.

హాలంతా బాక్సు వైపు తిరిగింది. తర్వాత ఎవరో పక్కున నవ్వారు. ఇంకొకరు అందుకున్నారు. పొద్దుట నుంచి ఆ యువనేతని భరించినవాళ్లు చాలామంది ఉన్నట్టున్నారు, హాయిగా నవ్వారు. నేను మాత్రం ముద్ద మింగలేదు. మీరు మాట్లాడకుండా మీ గొంతు మీకు వినపడితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను.

నా పక్కన కూర్చున్న ముసలమ్మ నా నోటి వైపే చూస్తోంది.

"ఈడనే ఉంటివి గదే అమ్మా! టేపు పెట్టొచ్చినావా ఏంది?" అంది.

కోటేశ్వరరావు ఎంగిలి చేత్తోనే లేచాడు. వరసలు దాటుకుంటూ నా మీదికి వచ్చాడు. మొహం మిరపపండులా ఉంది.

"ఏందే, ఒళ్లు బలిసిందా? నన్ను ఒరేయ్ అంటావా? నలుగుర్లో నన్ను ఎదవా అంటావా?"

"నేను కాదండీ. నేనసలు మాట్లాడలేదు. మైకు సంచీలో ఉంది, చూడండి."

"నీ గొంతు నాకు తెల్వదా? పొద్దుట్నుంచి చెవులు తూట్లు పడేలాగ ఇంటన్నాం గదా!"

చెయ్యెత్తాడు. కొట్టేవాడే. చుట్టూ ఉన్న మగవాళ్లు ఆపడానికి లేవలేదు, బాగా కనపడాలని మెడలు చాచారు. అప్పుడు వెనక నుంచి అతని భార్య సుజాత గొంతు వినపడింది. పెద్దగా అరవలేదు. మామూలుగా అడిగింది.

"ఏవండీ, చిన్ని మీ కాడ లేదా?"

చిన్ని వాళ్ల కూతురు. ఇంకా బడికి వెయ్యని పిల్ల.

"నా కాడెందుకుంటది? నీ కాడ లేదా?"

"మీ కాడ ఉందనుకుంటన్నా. బండి తలుపు అంటన్నారేంది..."

ఆమె మాట పూర్తికాలేదు. పూర్తిచేసే ధైర్యం లేక, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలోకి పరిగెత్తింది. కోటేశ్వరరావు ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. తర్వాత అతనూ పరిగెత్తాడు. నేనూ లేచాను.

కారు ప్రహరీ గోడ పక్కన ఎండలో ఉంది. అద్దాలకి నల్లని కాగితం. అతను జేబులో తాళం కోసం వెతుకుతున్నాడు, ఎంగిలి చేతిలోంచి తాళం జారి కింద పడింది. సుజాత అద్దాన్ని గుద్దుతోంది. తలుపు తెరవగానే లోపలి వేడి పొయ్యి మూత తీసినట్టు మా మొహాలకి కొట్టింది. పిల్ల వెనక సీటు కింద ముడుచుకుని ఉంది. పట్టు లంగా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. పెదాలు ఎండిపోయాయి. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి.

తర్వాత తెలిసింది. పిల్లలతో ఆడుకుంటూ బొమ్మ కోసం కారెక్కింది. ఆ సంగతి చూడకుండానే తండ్రి వరండాలోంచి రిమోటు నొక్కి తాళం వేశాడు.

పిల్లని ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తారు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు అన్నాడట. దక్కింది.

వాళ్లు వెళ్లాక మస్తాన్ నా దగ్గరికి వచ్చాడు. చేతికి గ్రీజు ఉంది.

"అక్కా, నువ్వు మాట్లాడింది ఇని కరెంటొచ్చిందనుకుని ఉరికొచ్చా. యాంప్లిఫయర్ లైటు ఎలగట్లేదు. ప్లగ్గు గూడా నేనే పీకిపోయా. ఎట్టా మాట్లాడినవ్?"

ఇద్దరం వెళ్లి చూశాం. ప్లగ్గు నేల మీద పడి ఉంది. స్టేజి దగ్గర ఎవరూ లేరు. సంచీలో మైకు చల్లగా ఉంది, సెల్లు పక్కన ఉంది.

ఆ రోజు ఎవరూ దీన్ని వింత అనుకోలేదు. అదీ నాకు మండింది. పంచెని దయ్యమనే జనం, కరెంటు లేకుండా పలికిన బాక్సు దగ్గరికి వచ్చేసరికి మహా తెలివిమంతులైపోయారు. ఫోనులో మాట్లాడి ఉంటుందన్నారు. మిమిక్రీ అన్నారు. ఆమె బయట పిల్లని చూసి ఉంటుంది, మర్యాదగా చెబితే వీడు లేవడని తిట్టింది, తెలివైన మనిషి అన్నారు. ముసలమ్మ టేపు అనే మాట వదల్లేదు. నేను కాదు మొర్రో అంటే పొగడ్తకి సిగ్గుపడుతున్నానని మెచ్చుకున్నారు.

ఒక్క మాట ఒప్పుకుంటాను. ఆ గొంతు నా పంచదార గొంతుతో, దయచేసి అంటూ, కోరుతున్నాం అంటూ చెప్పి ఉంటే కోటేశ్వరరావు మీసం సవరించుకుని ఇంకో అప్పడం వడ్డించమనేవాడు. అతన్ని లేపగలిగింది తిట్టు ఒక్కటే. ఎవరు తిట్టారో గానీ మనిషిని బాగా తెలిసి తిట్టారు.

కొన్నాళ్లకి వాళ్లు పిల్లని తీసుకుని మా ఇంటికి వచ్చారు. చీర పెట్టారు. పొద్దుట్నుంచీ నన్ను తినేసిన మనిషి, చెయ్యెత్తిన మనిషి, మా గడపలో నిలబడి ఏడ్చాడు. చూడటానికి బాగా లేదు. అయినా ఆపమనలేదు. క్షమాపణ చెప్పడం మాత్రం మర్చిపోయాడు. నాయకుల జాతికి అది అలవాటు ఉండదు.

నేను మళ్లీ చెప్పాను. "నేను మాట్లాడలేదండీ."

"నువ్వెన్ని చెప్పు, మా పాలిట దేవతవి నువ్వు," అన్నాడు.

నా మాట వాళ్లకి అవసరం లేదు. వదిలేశాను. చిన్ని తల్లి కొంగు పట్టుకుని నా వైపు చూడటం లేదు. దగ్గరికి పిలిచాను.

"చిన్నీ, బంగారం, ఇలా రామ్మా. ఎలా ఉన్నావు?"

వృత్తి అలవాటు, పంచదార గొంతే వచ్చింది. పిల్ల తల అడ్డంగా ఊపి తల్లితో అంది, "ఈమె కాదు."

"ఈ ఆంటీనే నాన్నని లేపిందమ్మా," అంది సుజాత.

"కాదు."

ఆ మాట వినగానే, నన్ను నమ్మింది వీళ్లందరిలో ఈ పిల్ల ఒక్కతే అనిపించింది. ఇంతలో వంటింట్లో కుక్క దూరి గిన్నె దొర్లించింది. నేను కూర్చున్నచోటి నుంచే "ఛీ, పోయే! ఎవతె పెట్టింది ఆ తలుపు తెరిచి!" అని కేకేశాను.

పిల్ల గిర్రున ఇటు తిరిగింది.

"అదుగో, ఆమే! బండిలో నాతో మాట్టాడింది ఆమే," అంది.

సుజాత నవ్వు ఆగిపోయింది. కోటేశ్వరరావు అర్థం కానట్టు నా వైపు చూశాడు. నేను పిల్ల ముందు నేల మీద కూర్చున్నాను. ఈసారి నా అసలు గొంతుతోనే అడిగాను.

"ఏమన్నానే నేను?"

"కళ్లు మూస్తే తంతానన్నావు గదా. ఏడవద్దన్నావు. మీ నాన్న లేచాడు, వస్తన్నాడు అన్నావు."

ఆ కారు అద్దాలు మూసి ఉన్నాయి. నేను హాలు లోపల, గోడకి అవతల, నోట్లో ముద్దతో ఉన్నాను. కోటేశ్వరరావు లేవడం నా కళ్లతో నేనే చూశాను గానీ ఎవరికీ చెప్పలేదు. పిల్ల ఎక్కడుందో కూడా నాకు తెలియదు.

దయ్యం అనను. ఆ మాట వాడితే ఆ పంచె ఆయనకీ నాకూ తేడా ఉండదు. దేవుడు అనీ అనను, అంత నోటి దురుసు దేవుడు ఉంటాడనుకోను. ఆ రోజు మాట్లాడింది నా గొంతే. మాట్లాడింది మాత్రం నేను కాదు.